ముట్టించని బాయిలర్

మా పనిలో ఒక పద్ధతి ఉంది. కొత్త బొగ్గు ప్లాంటులో బాయిలర్‌ని మొదటిసారి ముట్టించే ముందు ఇన్‌స్పెక్టర్ చిమ్నీ లోపలికి వెళ్లి, తెల్లగుడ్డతో గోడ తుడవాలి. సిమెంటు దుమ్ము తప్ప ఇంకేమీ అంటకపోతే సంతకం పెట్టాలి. మోకాళ్లు అరిగినా ఈ పని నేను ఎవరికీ వదల్లేదు. కుర్రాళ్లు గుమ్మంలోంచే తొంగిచూసి సంతకం పెట్టేసే రకం.

ఆ ఉదయం గుడ్డ నల్లగా వచ్చింది.

సైట్ మేనేజరు నవ్వాడు. "నిప్పు లేనిదే పొగ రాదంటారు కదా మేడమ్. ఇక్కడింకా అగ్గిపుల్ల కూడా గియ్యలేదు."

ఇనుప నిచ్చెన ఎక్కి ఇంకో గుడ్డతో తుడిచాను. ఏళ్ల తరబడి మండితే తప్ప పట్టనంత మసి. గోడ వెచ్చగా ఉంది.

కిందికి దిగి, "నేను సంతకం పెట్టను," అన్నాను. మా అమ్మాయికి ఏడో నెల. ఈ చిమ్నీ గాలి వీచే వైపే వాళ్ల ఇల్లు.

మేనేజరు నొచ్చుకోలేదు. ఫైలు తెరిచి, ప్లాంటుకి అనుమతి ఇచ్చిన మూడేళ్ల నాటి ఫారం చూపించాడు. 'ప్లాంటు ఆయుష్షు' అన్న గడిలో నలభై ఏళ్లు అని నా చేతిరాత, కింద నా సంతకం. గడి ఖాళీగా ఉంటే ఫారం వెనక్కి వస్తుందని, ఏదో పాత ప్లాంటు ఫైల్లోంచి ఆ అంకె ఎక్కించేశాను. ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు.

"ఆ అంకె చూసే బ్యాంకులు ముందుకొచ్చాయి. గని తవ్వారు, రైలు పట్టాలేశారు, కరెంటు కొంటామని ఒప్పందాలు రాసుకున్నారు. అన్నీ నలభై ఏళ్లకే. ఇవాళ్టి సంతకం మీరు కాకపోతే ఇంకొకరు పెడతారు."

"కొట్టేసి పదేళ్లని రాస్తాను."

"చేతులు కాలాక ఆకులెందుకు మేడమ్," అన్నాడు జాలిగా.

బయటికి వచ్చి పైకి చూశాను. చిమ్నీ మీద ఆకాశం శుభ్రంగా ఉంది. ఫోన్ మోగింది. అమ్మాయి.

"అమ్మా, ప్లాంటు అప్పుడే మొదలెట్టేశారా? బాల్కనీ నిండా పొగ. కిటికీలు మూసినా లోపలికొస్తోంది." దగ్గింది.

"లేదే. ఇంకా ముట్టించలేదు."

"మరి ఇదెప్పుడు ఆగుతుంది?"

జవాబు నాకు తెలుసు. నా చేత్తో రాసిందే.

"నీ కడుపులో బిడ్డకి నలభై నిండాక," అన్నాను.