ఎవరూ తొడగని ఉన్ని

కిటికీ దగ్గరున్న చట్రం తీస్తే తప్ప పొయ్యి దగ్గరికి తిన్నగా నడవలేనని నేను, పక్కవాటుగా నడిచినంత మాత్రాన ఎవరూ చచ్చిపోలేదని మా అత్తగారు. వారం మొదట్లో రాజుకున్న ఈ గొడవ ఆదివారం వచ్చినా ఆరలేదు. మా ఆయన సెల్బీ ఇద్దరికీ తలూపి, వలలు బాగుచేసుకునే వంకతో షెడ్డులోకి జారుకునేవాడు.

న్యాయం నా వైపే ఉంది. మా న్యూఫౌండ్‌లాండ్ తీరంలో గోనెగుడ్డ బిగించి, కొక్కెంతో గుడ్డపీలికలు లాగి బొమ్మల మ్యాట్లు చేసే చట్రాన్ని క్రిస్మస్ దాటాకే వంటింట్లోకి తెస్తారు, మంచు కరగగానే అటకెక్కిస్తారు. ఈ ఏడు ఎఫీ అత్తయ్య ఆకులు రాలకముందే దాన్ని దింపించింది. ఎందుకో చెప్పదు. దాని మీద ఎప్పుడూ పాత దుప్పటి ఒకటి కప్పి ఉంచుతోంది.

చట్రం సాకేనని అందరికీ తెలుసు. గొడవకి మూలం నేను తెచ్చిన కొత్త ఉన్ని.

కొన్నేళ్ళుగా ఆమె మ్యాట్లని ఆన్‌లైన్ బజారులో పెట్టి అమ్ముతున్నాను. ఆ దుకాణం నిలదొక్కుకున్నాకే పీతల ఫ్యాక్టరీలో పని మానేశాను. చన్నీళ్ళలో నిలబడి పీతల కాళ్ళు విరిచి విరిచి నా మణికట్లు పాడయ్యాయి. ఇప్పటికీ ముసురు పట్టిందంటే టీ కప్పు ఎత్తలేను. కొనేవాళ్ళలో ఎక్కువమంది అమెరికావాళ్ళే. వేసవి చివర్లో వాళ్ళ ప్రభుత్వం చిన్న పార్సిళ్ళకి కూడా సుంకం వేసింది. పైగా వస్తువులో వాడిన సరుకు ఏ దేశానిదో ముందే చెప్పాలి.

మా అమ్మాయి డారా ఫోనులో ఆ వివరాలు నింపబోయింది.

"నానమ్మా, ఈ మ్యాట్ మీద పడవ దేంతో చేశావు?"

"మీ తాతయ్య చర్చి ప్యాంటుతో."

"అది ఏ దేశంలో తయారైంది?"

"నన్నడుగుతావేం? కొండ మీద సమాధిలో పడుకున్నాడుగా, వెళ్ళి ఆయన్నే అడుగు."

"మరి ఆకాశం?"

"మీ అమ్మ పెళ్ళికి నేను వేసుకున్న గౌను. దేశమంటావా, న్యూఫౌండ్‌లాండ్ అని రాయి. నేను పుట్టినప్పుడు ఇది వేరే దేశమే. ఇల్లు మారకుండానే కెనడాదాన్నయ్యాను."

అందరం నవ్వాం. మ్యాట్ మాత్రం ఇంట్లోంచి కదల్లేదు. దాని తర్వాతదీ కదల్లేదు.

బజారువాళ్ళు కెనడా అమ్మకందార్ల కోసం పెట్టిన సమావేశాన్ని ఫోనులో చూశాను. ముందున్నది మంచికాలమేనని, అమెరికా పోతే ప్రపంచం లేదా అని ఒక అమ్మాయి నవ్వుతూ చెప్పింది. మ్యాట్‌ని ఆస్ట్రేలియా పంపాలంటే మ్యాట్ ధరకన్నా తపాలా ఖర్చే ఎక్కువని ఆ పిల్లకి ఎవరూ చెప్పినట్టు లేదు. ఒక్క మాట మాత్రం పనికొచ్చింది: పాతగుడ్డలు మానేసి, దేశం పేరు అచ్చువేసిన కొత్త ఉన్ని వాడితే ఆ చిక్కుండదని. పక్క రేవులో మాలాగే మ్యాట్లమ్మే విల్మా అలాగే చేస్తోంది. ఆమె పార్సిళ్ళు పోతున్నాయి. నేనూ ఒక పెట్టెడు ఉన్ని తెప్పించాను.

అత్తయ్య మొహం తిప్పుకుంది. తొడగడానికి పనికిరాని గుడ్డే మ్యాట్ అవుతుందని, తొడుక్కోదగ్గ ఉన్నిని నేల మీద పరవడానికి తనకేం పిచ్చా అని అడిగింది. నేనూ ఊరుకోలేదు. మ్యాట్లు పోకపోతే మళ్ళీ ఆ పీతలే నాకు గతి అన్నాను. ఆ మాట ఆమె చెవిన పడలేదనుకున్నాను.

ఆదివారం ఆమె చర్చి నుంచి నాకన్నా ముందే వచ్చేసింది. నేను వచ్చేసరికి పొయ్యి మీద ఉప్పుమాంసం, క్యాబేజీ ఉడుకుతున్నాయి. అత్తయ్య చట్రం ముందు కూర్చుని ఉంది. గుమ్మంలోనే ఆగిపోయాను. ఆదివారం మా ఇంట్లో సూది ముట్టరు. ఆదివారం వేసిన ప్రతి కుట్టునీ పైలోకంలో ముక్కుతో విప్పుకోవాలని మా అందరికీ నేర్పింది ఆమే.

"కుట్టడం లేదులే," అంది వెనక్కి చూడకుండా. "విప్పుతున్నాను. విప్పడం పని కిందికి రాదు."

దగ్గరికెళ్ళి చూశాను. గోనెగుడ్డ మీద నేను కొన్న నీలం ఉన్నితో సగం సముద్రం. వేసి, విప్పి, మళ్ళీ వేసిన చోట గోనె చిరుగుపట్టింది. కొక్కెం పట్టుకునే వేలు ఒరుసుకుపోయి ఎర్రగా ఉంది.

"చలికాలానికల్లా చెయ్యి తిరుగుతుందేమోనని ముందే దింపించాను," అంది. "తిరగలేదమ్మాయ్. పీలికైతే ఎవరిదో తెలుస్తుంది, చెయ్యి దానంతటదే పోతుంది. ఇది ఎవరూ తొడగని ఉన్ని. దీన్ని ఎటు తీసుకెళ్ళాలో నాకు తెలీడం లేదు."

ఇంకో పోగు లాగుతూ, "నీ చేతులు మళ్ళీ ఆ నీళ్ళలో పెట్టనివ్వకూడదనుకున్నాను," అంది.

కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాను. ఆమె లాగుతుంటే నేను ఉండ చుట్టాను. మాంసం ఉడికేలోపు సముద్రమంతా నా ఒళ్ళోకి వచ్చేసింది.

భోజనాల దగ్గర సెల్బీ చట్రాన్ని తప్పించుకుంటూ పక్కవాటుగా వచ్చి కూర్చున్నాడు. తినడం అవగానే దాన్ని అటకెక్కించేస్తానని, ఇంతటితో ఇంట్లో శాంతిగా ఉందామని అన్నాడు. అత్తయ్య తల వంచుకుని పళ్ళెంలో టర్నిప్ ముక్కని చిదుపుతోంది.

"ఉండనీ," అన్నాను. డారా కూడా ఫోను పక్కన పెట్టింది. "ఆ ఉన్ని రేపు విల్మాకి ఇచ్చేస్తాను. మన దుకాణం ఇకమీదట కెనడా వరకే. పీలికలతో అత్తయ్య ఎన్ని చేస్తే అన్నే అమ్ముదాం. వసంతంలో నేను ఫ్యాక్టరీకి వెళ్తాను. తూకం దగ్గర పని అడుగుతాను, ఇవ్వకపోతే పాత చోటే. చట్రం మాత్రం కిటికీ దగ్గరే ఉంటుంది. అక్కడే వెలుతురు బాగుంటుంది."