తియ్యని ఒండ్రు

పొద్దున్నే శంకరవ్వ గోదారి మడుగులోంచి దోసెడు ఒండ్రు తెచ్చి, పొయ్యి పక్కన పెంకు మీద ఎండబెట్టేది. కోడలు నర్మద కడుపుతో ఉంది. కడుపుతో ఉన్న పిల్లకు మన్ను తినబుద్ధవుతుంది. ఆ మన్ను గంగమ్మదైతే బిడ్డకు బలమని ఆ ఊరి బెస్తవాళ్ళ నమ్మకం.

లక్సెట్టిపేటకు ఎగువన రంగుల కార్ఖానా పెట్టిన రెండో ఏటికి ఆ ఒండ్రు తియ్యగా మారింది. సీసపు లవణాలు తియ్యగా ఉంటాయని మా కాలేజీలో రసాయన శాస్త్రం చెప్పిన ఆయన అనేవాడు. ఆయన చలికాలంలో కూడా గొడుగుతోనే క్లాసుకు వచ్చేవాడు, అది వేరే సంగతి. మడుగు ఒడ్డున ఆ మాట చెప్పేవాళ్ళెవరూ లేరు.

"బెల్లం తీర్గ ఉన్నదత్తా," అనేది నర్మద చప్పరిస్తూ. శంకరవ్వ మురిసిపోయి ఇంకో పెళ్ల పెట్టేది.

ఆ బిడ్డ పుట్టి ఏడవలేదు. జానెడు పిల్లను పాతిపెట్టడానికి ఇద్దరు మగవాళ్ళు మోయాల్సి వచ్చింది.

తర్వాత శంకరవ్వ బరువెక్కసాగింది. మనిషి చువ్వలాగే ఉంది గానీ, మంచం నులక తెగింది. బాట మీద అడుగులు చీలమండ దాకా దిగేవి. మడుగు చేపలు తిన్న ఒళ్ళు మరి.

"శంకరవ్వా, జర మెల్లగ నడువు. నా గోడ అదురుతున్నది," అనేవాడు పొరుగింటి పోశం.

"కూలితె నేనే మెత్తుత తియ్. మన్ను నాకు కొత్తనా?"

రెండేళ్ళకు నర్మద మళ్ళీ నెల తప్పింది. ఈసారి శంకరవ్వ ఒండ్రు తేలేదు. కానీ ఒకనాటి మధ్యాహ్నం మడుగు ఒడ్డున గొంతుకూర్చున్న కోడలు కనిపించింది, పెదవులు నల్లగా.

శంకరవ్వ కొడుకును పిలిచింది. "ఓ రాయమల్లూ, పొల్లను బోథ్‌కు తోలుకపో. అవ్వగారింట్ల కాన్పయితది. నువ్వు సుత ఆడ్నే ఉండు."

"బోథ్‌ల గోదారున్నదా అవ్వా? వల ఏడ ఎయ్యాలె, పత్తి చేన్లనా?"

"బిడ్డను ఇద్దరు మోసిండ్రు. యాదికున్నదా?"

రాయమల్లు ముఖం తిప్పుకున్నాడు. "గా పడవ ఉన్నన్ని దినాలు నేను మడుగు ఇడువ."

మర్నాడు శంకరవ్వ జొన్న గట్క వండి కోడలికి పెట్టింది. ఒడ్డుకు పోయి పడవ విప్పింది. ఆమె ఎక్కగానే పడవ అంచు నీటికి బెత్తెడు ఎత్తుకు దిగింది. గడ వేసుకుంటూ మడుగు నడుమకు చేరి, కాళ్ళు చాపుకొని కూర్చుంది. కొంగున కట్టుకొచ్చిన ఒండ్రు పెళ్ల విప్పి నోట్లో వేసుకుంది. పడవ చప్పుడు లేకుండా దిగిపోయింది.

ఊరి మగవాళ్ళంతా మోకులు వేసి లాగారు. పడవా రాలేదు, మనిషీ రాలేదు.

"ఇగ లేవది," అన్నాడు పోశం మోకు చుట్టుకుంటూ. "ఆమె దల్చుకున్నంక ఎవ్వల తరం?"

రాయమల్లు నర్మదను తీసుకొని బోథ్‌కు వెళ్ళి, పత్తి చేలల్లో కూలికి పోయాడు. చలి మొదలైనాక నర్మద ప్రసవించింది. లోపల ఏడుపు వినిపించింది. మంత్రసాని కిష్టవ్వ గుడ్డలో చుట్టి బిడ్డను బయటికి తెచ్చింది.

"ఆడివిల్ల. పట్టుకో అయ్యా."

రాయమల్లు కాళ్ళు ఎడంగా పెట్టి, నడుం బిగించి, రెండు చేతులూ చాచాడు. ఆమె బిడ్డను పెట్టింది. బరువుకు సిద్ధపడ్డ ఆ చేతులు ఒక్కసారిగా పైకి లేచాయి.