పట్టుకి మైల లేదు

మా నాయనమ్మ సీతారావమ్మ దృష్టిలో లోకంలోని వస్తువులన్నీ రెండే రకాలు: మైలపడేవి, పడనివి. నూలుబట్ట పడుతుంది, పట్టు పడదు. ఇందులో ఆవిడకు ఏనాడూ అనుమానం రాలేదు. అనుమానం రావలసింది నాకు. పదేళ్ళ పిల్లనని ఇప్పుడు సాకు చెప్పుకోను. పట్టుపరికిణీ కట్టుకోవాలని సరదాగా ఉంది, అందుకే రాలేదు.

నలభై ఎనిమిదో సంవత్సరం మొదట్లో జగ్గయ్యపేటలో అమ్మవారు పోసింది. మశూచి అనే మాట ఎవరూ పైకి అనేవారు కాదు. నైజాం గొడవలకు తాళలేక సరిహద్దు అవతలి జనం గరికపాడు మీదుగా వచ్చి మా అరుగుల మీద తలదాచుకుంటున్నారు. తప్పంతా వాళ్ళదేనని పెద్దలు తీర్మానించేశారు. వాళ్ళు రాకముందే మా వీధిలో రెండు గుమ్మాలకు వేపమండలు కట్టిన సంగతి ఎవరికీ గుర్తులేదు. బడి మూసేశారు. టీకాలవాళ్ళు ఇల్లిల్లూ తిరిగి నాకూ, నాన్నకూ, నాయనమ్మకూ టీకాలు వేశారు. అమ్మకు మాత్రం వెయ్యలేదు.

అమ్మ సత్యనారాయణమ్మకు చిన్నప్పటి నుంచీ ఒంటినిండా తామర. మోచేతి మడతల్లో, మెడమీద చర్మం పగిలి రసి కారేది. నాన్న ఆమెను నందిగామ డాక్టరుకు చూపిస్తే, ఇలాంటి ఒంటిమీద టీకా వేస్తే ఆ టీకాయే ప్రాణం తీస్తుందన్నాడట. జబ్బు వచ్చినా బతకదు. కనక జబ్బును ఇంట్లోకి రానివ్వకపోవడం ఒక్కటే మందన్నాడు.

రెండు నెలలకు బడి తెరిచారు. ఊళ్ళో ఇంకా అక్కడక్కడా పోస్తూనే ఉంది. కానీ ఐదో క్లాసు పరీక్ష దగ్గరపడింది. పదిహేను రోజుల్లోగా రాని పిల్లల పేర్లు కొట్టేస్తామని ఇళ్ళకు కబురొచ్చింది.

"ఇది చదవకపోతే కొంపేం మునగదు. రేపు అత్తారింట్లో లెక్కలు అడుగుతారా?" అన్నాడు నాన్న చెన్నకేశవరావు. ఆయనకు బజారులో బట్టల కొట్టుండేది.

"నన్ను రెండో క్లాసులో మానిపించారు. అప్పుడూ ఏదో జబ్బు పేరే చెప్పారు. నా మూలాన దీని చదువు ఆగితే నేనొప్పుకోనండీ," అంది అమ్మ. అమ్మ నాన్నకు ఎదురు చెప్పడం నేను వినడం అదే మొదలు.

కాపలా బాధ్యత నాయనమ్మ తీసుకుంది. మడి విషయంలో ఆవిడను మించినవాళ్ళు ఊళ్ళో లేరు. బడి నుంచి నేను పెరటిదారినే రావాలి. బావి దగ్గర బట్టలు విడిచి, తలారా నీళ్ళు పోసుకోవాలి. విడిచిన నూలుబట్టలు కాగులో ఉడకాలి. నా పడక ముందుగదిలో, అమ్మ వంటింటి వైపు. మధ్యలో వాకిలి దాటడానికి వీల్లేదు.

రెండు రోజులు గడిచాయి. నాయనమ్మకు చూపు సరిగా ఆనదు, ఆవిడ వేసిన జడ బడి చేరేలోపే ఊడిపోయేది. మూడోరోజు దువ్వెన పుచ్చుకుని అమ్మ కావాలని ఏడ్చాను. వాకిలి అవతల అమ్మ కూడా కళ్ళు ఒత్తుకుంది.

నాయనమ్మ కరిగింది. "పట్టు కట్టుకుపోవే ప్రసూనా. పట్టుకి మైల లేదు. ఒచ్చి తల్లి ఒళ్ళో కూర్చున్నా దోషంలేదు," అంది.

నాలుగోరోజు నుంచి పసుపురంగు పట్టుపరికిణీ కట్టుకుని బడికి వెళ్ళాను. పొద్దున్నే అమ్మ జడ, సాయంత్రం అమ్మ ఒడి. పట్టును ఉడికించరు కదా, రాత్రి దండెం మీద ఆరేసి పొద్దున మళ్ళీ అదే కట్టేవాళ్ళు. అలా ఆరు రోజులు నాకంటే సుఖపడ్డవాళ్ళు పేటలో లేరు.

బడిలో నా పక్కన బసవమ్మ కూర్చునేది. దానికి అమ్మవారు పోసి తగ్గింది, నీళ్ళు పోసేశారు. నీళ్ళు పోస్తే ఇక అంతా అయిపోయినట్టేనని వాళ్ళింటివాళ్ళూ పంపించేశారు. లెక్క కుదరనప్పుడల్లా అది మోచేతి మీది పక్కులు గోటితో గిల్లుతుండేది.

పట్టు కట్టిన ఆరోరోజు ప్రేమదాసు మాష్టారు నా దగ్గర ఆగారు. "ఏమ్మా, రోజూ పెళ్ళికొచ్చినట్టు వస్తున్నావు?"

నేను గొప్పగా చెప్పాను, పట్టుకి మైల లేదని, ఇంట్లో టీకా పడని అమ్మ ఉందని. ఆయన నవ్వలేదు. బసవమ్మను విడిగా కిటికీ దగ్గర కూర్చోబెట్టి వచ్చి, నా పరికిణీ మడతలో చిక్కుకున్న పక్కును చీపురుపుల్లతో తీసి చూపించారు.

"జబ్బు ఇందులోనే ఉంటదమ్మా. టీకా పడింది కాబట్టి నీకు రాకపోవచ్చు, కానీ మోసుకుపోతావు. నూలుగుడ్డయితే ఉడకేస్తారు, అది చస్తది. పట్టు మైలపడదని మీరనుకుంటే చాలదు, ఆ పురుగు కూడా అనుకోవాలిగా!"

"వస్తే ఎన్నాళ్ళకొస్తదండీ?"

"పన్నెండు రోజులు. ఒక్కోసారి పద్నాలుగు."

ఆ సాయంత్రం బావి దగ్గర పట్టు విడిచి, నీళ్ళు పోసుకుని, నూలుపరికిణీ కట్టుకున్నాను. అమ్మ రమ్మంటే వెళ్ళలేదు. మర్నాడు పొద్దున దువ్వెనతో పిలిచినా వెళ్ళలేదు. నిజం చెబితే హడలిపోతుందని నా భయం. అమ్మ తన మోచేతుల వంక చూసుకుని పైట చేతుల మీదికి లాక్కుంది.

"ఏమే, నా చేతులంటే రోత పుట్టిందా?"

ఆ మాటతో నా గుండె చెరువైంది. వాకిలి ఇవతల నిలబడి అంతా అరిచి చెప్పేశాను. పక్కు గురించి, పురుగు గురించి, పన్నెండు రోజుల గురించి. అమ్మ హడలిపోలేదు.

"తెలుసే," అంది. "ఏ గుడ్డయినా ఒకటేనని డాక్టరు అప్పుడే చెప్పాడు. అత్తయ్య పట్టు సంగతెత్తితే నోరు మూసుకున్నా. నిన్ను ముట్టుకోకుండా మూడురోజులు ఉన్నా. ఇంక నావల్ల కాలా."

నాకు ఒళ్ళు మండిపోయింది. అప్పటి కోపం ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు. "నీకేమన్నా అయితే తెచ్చింది నేనవుతాగా! నేనెట్టా బతకాలి?" అన్నాను.

అమ్మ తల దించుకుంది. ఇక ముట్టుకోనని ఒట్టు పెట్టుకుంది. మర్నాడు పొద్దున్నే మళ్ళీ దువ్వెన పట్టుకుని వాకిట్లోకొచ్చింది. "ఇయ్యాల ఒక్కరోజే," అంది. ఆమె మాట నమ్మకూడదని అప్పుడు తెలిసింది. నా మాట కూడా నమ్మలేను, ఎందుకంటే నా కాళ్ళు అప్పటికే ఒక అడుగు వేశాయి.

జడే లేకపోతే దువ్వెనతో పనుండదని తోచి, వెనక్కి తిరిగి నాయనమ్మ దగ్గరకు పరిగెత్తాను. "నాయనమ్మా! అమ్మకి జబ్బు రాకుండా ఉంటే వేదాద్రి నరసింహస్వామికి తలనీలాలు ఇస్తానని మొక్కుకున్నా. ముందే ఇచ్చేస్తా." ఆ మాట అంటూనే మొక్కుకున్నాను కనక అబద్ధం కాదు.

నాయనమ్మ గుండె బాదుకుంది. ఆడపిల్లకి ఇదేం మొక్కే, ఊళ్ళో జబ్బు తగ్గాక చూద్దాంలే అంది. కానీ స్వామి పేరెత్తాక కాదనడం ఆవిడ తరం కాలేదు. మర్నాడు నాన్న నన్ను బండి మీద వేదాద్రి తీసుకెళ్ళాడు. కృష్ణ ఒడ్డున మంగలి కత్తి పెడుతుంటే నాన్న అటు తిరిగి నిలబడ్డాడు. నేను మాత్రం ఏడవలేదు.

అమ్మకు ఏ జబ్బూ రాలేదు. పన్నెండు రోజులూ, పద్నాలుగు రోజులూ దాటాయి, నేను పరీక్ష రాశాను. అది పట్టు మహిమ కాదు, మా మొహాన రాసిపెట్టి ఉన్న మంచి. కానీ ఆ సాయంత్రం వేదాద్రి నుంచి వచ్చి బండి దిగేవేళకి అదేమీ మాకు తెలియదు.

పెరటిదారిన వచ్చి, బావి దగ్గర నీళ్ళు పోసుకుని, వాకిలి ఇవతల నిలబడ్డాను. అమ్మ వంటింటి గడప దగ్గరికొచ్చి నా గుండు చూసింది. ఆమె చేతులు రెండూ పైకి లేచి, మధ్యలోనే ఆగిపోయాయి.

"ఎంత పని చేశావే తల్లీ!" అని గడప మీద కూలబడి గట్టిగా ఏడ్చింది.

దగ్గరికెళ్ళి ఆ కళ్ళు తుడవాలని నా ప్రాణం కొట్టుకుపోయింది. వెళ్ళలేదు. అమ్మ ఏడుపు ఆపేదాకా ఇవతలే నిలబడి చూస్తూ ఉన్నాను.