మా ఆయన రాసిన ముందుమాట

మూడు వందల ఏళ్ల కిందట అమెరికాలో చాలా చర్చిలలో సభ్యత్వం కావాలంటే, దేవుడు తమ మనసును ఎలా మార్చాడో అందరి ముందూ సాక్ష్యం చెప్పాలి. ఆడవాళ్లకు చాలాచోట్ల ఆ అవకాశమూ లేదు. వాళ్ల సాక్ష్యం పాస్టరే రాసి, పాస్టరే చదివేవాడు. వాళ్లు తల వంచుకుని కూర్చునేవాళ్లు. కాలేజీలో పాఠాలు చెబుతూ, సెలవులన్నీ పాత చర్చి కాగితాల మధ్య గడిపి, ఆ ఆడవాళ్ల మీద నేనొక పుస్తకం రాశాను.

అమెరికాలోని ఒక యూనివర్సిటీ ప్రెస్ వేస్తానంది. ప్రెస్ తరఫున చదివి చూసిన ప్రొఫెసర్లిద్దరూ బాగుందన్నారు. అంతా అయ్యాక ఎడిటర్ ఒక మెలిక పెట్టింది. హిందూ స్త్రీనైన నేను ఈ విషయంలోకి ఎలా వచ్చానో, ఇది నా ఆత్మను ఎలా తాకిందో చెబుతూ ముందుమాట రాయాలట. నాకు ఒళ్లు మండింది. మన ఉపనిషత్తుల మీద పుస్తకాలు రాసిన దొరలను ఎవరైనా ఇలా అడిగారా? నేను రాయనని మా ఆయనతో తెగేసి చెప్పి, కెనడాలో, ఏజాక్స్ ఊళ్లోని మా వంటింట్లో గిన్నెల మీద ఆ కోపం తీర్చుకున్నాను.

వారం తిరక్కుండా ఎడిటర్ నుంచి మెయిలొచ్చింది. నా ముందుమాట చదివి కళ్లు చెమర్చాయట. అది చూశాకే ప్రెస్ వాళ్ల కమిటీ పుస్తకం వేయడానికి ఒప్పుకుందట.

అది మా ఆయన కోదండరామ్ పని. వీసా నుంచి సిటిజన్‌షిప్ దాకా నా అప్లికేషన్లన్నీ ఆయనే నింపారు, సంతకాలు మాత్రం నావి. ఇదీ అలాంటిదే అనుకుని, నా మెయిల్లోంచే పంపేశారు. చిన్నప్పుడు మా వీధి చర్చిగంట వింటూ నేను ఏడ్చేదాన్నని రాశారు. మా వీధిలో చర్చే లేదు. రైస్‌మిల్లు మోత తప్ప ఇంకేమీ వినపడేది కాదు.

అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ పాస్టర్లను నేను పుస్తకం నిండా కడిగేస్తే, ఒకడు నా ఇంట్లోనే కాఫీ తాగుతున్నాడు.

వెంటనే ఎడిటర్‌కు ఫోన్ చేసి, అవి నా మాటలు కావని చెప్పాను. పోనీ నీ మాటల్లో రాసివ్వమంది. నా మాటలు పుస్తకంలో ఉన్నాయన్నాను. అయితే కమిటీ ఒప్పుకోదని, చాలా మర్యాదగా, సారీ చెప్పింది. నేను ఫోన్ పెట్టేశాను.

"రెండు పేజీల కోసం ఇంత కష్టం వేస్ట్ చేసుకుంటావా, విశాలా? నీ బుక్ రావాలనే కదా నేను రాసింది," అన్నారాయన. పాపం, నిజంగానే బాధపడుతున్నారు.

"మీరు నా బుక్ చదివారా?"

ఆయన కప్పు బల్ల మీద పెట్టారు.

"ప్రింటయ్యాక చదువుదామనుకున్నా."

"అయితే ఇంక ఆ శ్రమ లేదు లెండి," అన్నాను.