చప్పట్లు లేని పుట్టినరోజు

ఆదిశేషమ్మ సంచి సర్దుతోంది. అడుగున రెండు చీరలు, వాటి మీద తెల్లగుడ్డలో చుట్టిన కొత్త ఇనుప మూకుడు, పక్కన నెయ్యి డబ్బా, బెల్లం, అన్నిటికీ పైన భూతద్దం. మనవరాలు వాణికి రేపటితో ఏడేళ్ళు నిండుతాయి. కొడుకు నరేంద్రబాబు, కోడలు వినీల సూళ్లూరుపేటలో ఉంటారు. ఈసారి పుట్టినరోజు అక్కడే.

"పుట్టినరోజుకు పోతుండావా, కొత్తకాపురం పెట్టబోతుండావా?" వాకిట్లో కుర్చీలోంచే అడిగాడు భర్త హజరత్తయ్య.

"రెండ్రోజులే. పులుసు చేసిపెట్టినా. అన్నం ఒకటి వార్చుకో."

"పెళ్ళైన నలభై ఆరేళ్ళకి నా చేత గంజి వార్పిస్తుండావు."

ఆమె సంచి మూతి బిగించింది. ఆమె మనసంతా నిరుటి పుట్టినరోజు మీదే ఉంది. ప్రతి ఏడూ ఆ వేడుక బుచ్చిరెడ్డిపాలెంలో, ఈ ఇంట్లోనే, ఈయన చెప్పినట్టే జరిగేది. షామియానా, మైకు, రెండు వందల విస్తళ్ళు. కుక్కరు కూత పెడితేనే చెవులు మూసుకునే పిల్ల, బుడగలు పగులుతుంటే మంచం కిందికి దూరింది. "మొండిది. తల్లి గారం" అన్నాడాయన. వాణికి వేరుశెనగ పడదని, గొంతు పూడుకుపోతుందని వినీల ఎప్పుడో చెప్పింది. అందుకే ఆదిశేషమ్మ ఇంట్లో ఉన్న వేరుశెనగ పప్పులన్నీ ఏరి అవతల ఇచ్చేసి, గది మూలలు కూడా ఊడ్చింది. ఊడ్చి, అరిసెలు వండింది. ఆ ఇంట్లో నూనె అంటే గానుగాడించిన శెనగనూనె ఒక్కటే. పెళ్ళైన నాటి నుంచీ ఆ డబ్బా వంచిన చేతికి, అందులో ఉన్నదీ వేరుశెనగేనని తట్టలేదు. హారతి పట్టాక పేరంటాళ్ళు ఒక్కొక్కరూ బిడ్డ నోట్లో తీపి పెట్టాలి. మొదట పెట్టింది తనే. పావుగంటలో పెదవులు ఉబ్బి, ఊపిరి అందక బిడ్డ గిలగిల్లాడింది. వినీల ఎప్పుడూ వెంట ఉంచుకునే మందు సూది తీసి బిడ్డ తొడకు వేసింది. నెల్లూరు ఆసుపత్రిలో తెల్లారేసరికి బిడ్డ తేరుకుంది.

వినీల ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది. కారెక్కి వెళ్ళిన ఆ ముగ్గురూ మళ్ళీ గడప తొక్కుతారో లేదోనని ఏడాదంతా ఆమె రోడ్డు వైపు చూస్తూనే ఉంది. బడికి పోని మనిషి, పొట్లాల కాగితాల మీద తెలుగు నేర్చుకున్న మనిషి, ఆ ఏడాదిలో భూతద్దం పెట్టుకుని పీనట్ అనే ఆరు ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకుంది.

పోయిన వారం వినీల ఫోను చేసింది. "ఆరుగురు పిల్లకాయలే అత్తా. బుడగల్లేవు, పాటల్లేవు. అరిసెలు మీరే చెయ్యాల."

"నేనా అమ్మా?"

"ఇంకెవరు చేస్తారు? మామను మాత్రం తేబాకండి. మైకు కూడా వస్తది."

పాత మూకుడుకు శెనగనూనె పట్టి ఉంటుందని, ఫోను పెట్టగానే ఆదిశేషమ్మ కొత్తది కొనడానికి బజారుకు బయల్దేరింది.

సూళ్లూరుపేటలో చూస్తే వినీల ఆరుగురు తల్లులకూ ఫోన్లు చేసి, ఎవరికి పాలు పడవో, ఎవరిని తాకితే ఏడుస్తారో రాసి ఫ్రిజ్ మీద అంటించింది. ఆఫీసు నుంచి వచ్చి వారం రోజులుగా ఇదే పని. "ఒక కేకు తెస్తే అయిపోయేదానికి ఇంత దేనికో" అన్నాడు నరేంద్రబాబు, ఫోనులోంచి తలెత్తకుండా. అత్తాకోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. కొత్త మూకుట్లో నేతి అరిసెలు పొంగాయి.

నాలుగింటికి పిల్లలొచ్చారు. చప్పట్లకు బదులు అరచేతులు గాలిలో ఆడించారు. వాణి చెవుల మీది చేతులు తీసి, తనూ ఆడించింది.

అప్పుడు పిలవకుండానే వచ్చాడు హజరత్తయ్య, చేతిలో మిఠాయి పెట్టెతో. "తాత చేతి తీపి తినకుండా పుట్టినరోజేంది?" పెట్టె విప్పి, ఒక బిళ్ళ తీశాడు. ఆదిశేషమ్మ భూతద్దం పెట్టి పెట్టె అంచున అచ్చేసిన రాత చూసింది. ఆరు అక్షరాలూ ఉన్నాయి. ఆయన చెయ్యి బిడ్డ నోటి దాకా వచ్చింది. ఆమె ఆ మణికట్టు పట్టుకుంది.

"అది దీంట్లో ఉండాది. చదివినా."

"నువ్వు చదివినావా?" నవ్వాడాయన. "ఒక్క తునకకేం కాదులే."

"నాన్నా, వద్దులే" అన్నాడు నరేంద్రబాబు కుర్చీలోంచే.

"నిరుడు తెలీక నేనే పెట్టినా. తెలిసినాక నిన్ను పెట్టనీను."

నలభై ఆరేళ్ళలో ఆయన చెయ్యి ఆమె ఆపడం అదే మొదలు. బిళ్ళ పెట్టెలో పడేదాకా వదల్లేదు. వినీల ఆ పెట్టెను బయటపెట్టి, ఆయన్ని సబ్బుతో చేతులు కడుక్కోమంది.

వాణి అరిసె అందుకుంది. కొరికింది. ఆదిశేషమ్మ గడియారం చూసింది. పది నిమిషాలు. అరగంట. పెదవులు పెదవుల్లానే ఉన్నాయి. గంట గడిచాక వాణి, "అవ్వా, ఇంకోటి" అంది. ఆదిశేషమ్మ గోడకు జారగిలబడి కూర్చుంది. ఏడాదిగా గుండెల మీదున్న బరువు దిగినట్టయి, కళ్ళు తుడుచుకుంది.

"చెప్పులేసుకో, పోదాం. ఇంటికాడ మాట్లాడతా నీతో" అన్నాడు హజరత్తయ్య.

"నువ్వు పోయిరా. నాకిక్కడ పనుండాది."

"రేపు వస్తావా?"

ఆమె ఇంకో అరిసె తుంచి మనవరాలికి ఇస్తోంది.

హజరత్తయ్య సాయంత్రం రైలుకు ఒక్కడే వెళ్ళాడు. ఆదిశేషమ్మ కోడలి దగ్గరే ఉండిపోయింది, బుచ్చిరెడ్డిపాలెం ఇంటికి మళ్ళీ పోలేదు. ఆ పుట్టినరోజు రెండు వేల ఇరవై నాలుగు, ఆగస్టు పదకొండు, ఆదివారం.