కొండగడ్డి ముల్లు

చీర అంచుకు గుచ్చుకున్న కొండగడ్డి గింజలను ఉతకడానికి వేయకముందే ఏరెయ్యాలి. ఒక్కొక్కటి చిన్న బల్లెంలా ఉంటుంది. వెనక్కి లాగితే రాదు. ముందుకు తోసి తీయాలి. తడి తగిలితే మెలితిరిగి ఇంకా లోపలికి దిగుతుంది. మూడేళ్లుగా ప్రతి శనివారం సాయంత్రం స్నానాలగదికి గడియ పెట్టుకుని నేను చేసే పని ఇది. నందిగామలో మా ఇంటి చుట్టుపక్కల ఈ గడ్డి లేదు. ఒక్క గింజ కంటబడినా నేను కాలేజీ నుంచి నేరుగా ఇంటికి రాలేదని తెలిసిపోతుంది.

జగ్గయ్యపేట కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను. శనివారం స్పెషల్ క్లాసని ఇంట్లో చెప్పి, ఊరవతల సున్నపురాయి కొండకు వెళ్తాను. అక్కడ పది మీటర్ల చదరాలు పదహారు గుర్తు పెట్టుకుని, వాటిలో ఏది మొలిచిందో, ఏది ఎండిందో రాసుకుంటాను. ఇప్పటికి నూట పన్నెండు రకాల మొక్కలు తేలాయి. వాటిని ఊళ్లో ఏమని పిలుస్తారో చెప్పేది అక్కడ మేకలు కాసే లూర్దమ్మ. ఇన్ని మేకలు తిరిగే చోట ఇన్ని రకాలు ఎలా మిగిలాయని అడిగితే, కర్రతో పరికి ముళ్లకంపను పక్కకు ఒత్తి చూపింది. లోపల జానెడు తునికి చెట్టు మొలక.

“మేక మూతికి ముల్లంటే బయం మేడంగారూ. ఆ బయం ఉన్నకాడే మొక్క బతుకుద్ది. ఈ కంపే లేకపోతే కొండ కొండంతా నా మేకల కడుపులో ఉండేది” అని నవ్వింది.

వాన, ఎండ, నేల, నిప్పు, మేత. అడవిని మలిచేవి ఇవని తరగతిలో చెబుతాను. భయం కూడా ఒకటని నాకు చెప్పింది లూర్దమ్మే.

నేను రాసుకునే పుస్తకం బీరువా అడుగు అరలో ఉంటుంది. నెలసరికి వాడే గుడ్డలు, ప్యాడ్లు ఉండే అర అది. ఇంట్లో మగవాళ్లు చెయ్యి పెట్టరు. నెలకు మూడు రోజులు నన్ను ముట్టుకోరానిదాన్ని చేసే ఆచారమే నా పుస్తకానికి ముళ్లకంప అయింది. అందుకు సంతోషించాలో, సిగ్గుపడాలో ఇప్పటికీ తేల్చుకోలేదు. పుస్తకం మొదటి పేజీలో పేరు రాయలేదు. దొరికితే నాది కాదనవచ్చు.

ఆ కొండను క్వారీకి ఇవ్వవచ్చా అన్నదానిపై ఈరోజు పదకొండు గంటలకు అక్కడ ప్రజాభిప్రాయ సేకరణ. నా భర్త నరేంద్ర టిప్పర్లు ఆ క్వారీ కోసమే ఎదురుచూస్తున్నాయి. నేను దోసె తిప్పుతుండగా పొయ్యిగట్టు మీద ఒక కాగితం పెట్టాడు.

“రాజీ, సంతకం పెట్టు. కొండ మీద పిచ్చిమొక్కలు తప్ప ఏం లేవని. అంతే.”

కింద నా పేరు, పక్కన నా డిగ్రీ టైపు చేసి ఉన్నాయి. పెళ్లయిన పదకొండేళ్లలో నా డిగ్రీతో ఈ ఇంట్లో ఎవరికైనా పని పడటం ఇదే మొదటిసారి.

“చదివి పెడతా.”

“చదవడానికేముంది? నువ్వేమన్నా కొండెక్కి చూసొచ్చావా?” నవ్వాడు. “అన్నట్టు, ఎవరో ఆడమనిషి పుస్తకం పట్టుకుని అక్కడ తిరుగుతోందంట. వాచ్‌మన్ చెప్పాడు. నువ్వు కాదుగా?”

నేను తల ఎత్తకుండా దోసె చుట్టూ నూనె వేశాను. అతని నవ్వు పెదాల మీదే ఆగిపోయింది. లేచి పడగ్గదిలోకి వెళ్లాడు. నా హ్యాండ్‌బ్యాగ్ జిప్పు చప్పుడు. బల్ల సొరుగు. తర్వాత బీరువా తలుపు. పైఅర, నడిమి అర. దోసె మాడుతున్న వాసన తెలుస్తూనే ఉంది, చెయ్యి కదలలేదు. ముల్లు దగ్గర ఆగని మేక కూడా ఉంటుందని ఇన్నాళ్లూ ఎందుకు ఆలోచించలేదు?

“ఒరేయ్, ఆ కింద అర ఆడాళ్లదిరా!” హాల్లోంచి అత్తయ్య గొంతు. “పొద్దున్నే తలంటుకుని పూజ చేసుకున్నావ్. దాంట్లో చెయ్యి పెడతావా?”

బీరువా తలుపు మూసుకుంది.

“పదింటికి మనిషిని పంపిస్తా. సంతకం పెట్టి ఉంచు” అని అతను బండి తీశాడు.

అత్తయ్య వంటింట్లోకి వచ్చింది. “ఆ స్పెషల్ క్లాసులేంటో, శనివారం అంట్లన్నీ నాకేంటో” అని మూడేళ్లుగా దెప్పే మనిషి. గుప్పిట విప్పి కాగితం పక్కన ఒక కొండగడ్డి గింజ పెట్టింది.

“మొన్న నీ చీర జాడిస్తుంటే వేలికి దిగింది. మూడేళ్లుగా దిగుతానే ఉందిలే.”

ఆమె ముఖంలో కోపం లేదు, దయ కూడా లేదు.

“మాడింది తీసి పడెయ్. నీ జగ్గయ్యపేట బస్సు తొమ్మిదింబావుకి కదా?” అంది.

కంపలో పెరిగిన తునికి ఏదో ఒక ఏడాది ముళ్లను దాటి తల బయటపెడుతుంది. మేకకు అందేది ఆ ఏడాదే. ఆ ఒక్క ఏడాదీ గట్టెక్కితే దాని నీడకు కంపే ఎండిపోతుంది. నేను గుర్తు పెట్టిన నలభై మొలకల్లో అలా గట్టెక్కినవి ఆరు.

అడుగు అరలోంచి పుస్తకం తీశాను. కాగితంలో నా సంతకానికి వదిలిన చోటును ఖాళీగానే ఉంచి, పుస్తకం మొదటి పేజీలో నా పేరు రాశాను. దాన్ని సంచిలో దాచకుండా చేత్తో పట్టుకుని, కొండ దగ్గర పదకొండు గంటల సభకు బయల్దేరాను.