ముగ్గు మీద నడిచిన ఫైరింజను

నేను ఒక ఫైరింజన్ని. నవ్వకండి. పొడవు జానెడుకు మూడు వేళ్లు తక్కువ, అంకుడు కర్ర ఒళ్లు, లక్క పూసిన ఎరుపు, నెత్తి మీద దువ్వెనంత నిచ్చెన. నీళ్లు చల్లడం నాకు చేతకాదు, గంట కొట్టడమూ రాదు. అయినా ఒక ఫైర్ స్టేషన్ గోడలు నా మూలంగానే పక్కకు జరిగాయి. గొప్పలకు చెప్పడం లేదు. సరే, కాస్త గొప్పలకే చెబుతున్నాను.

నన్ను చేసింది లక్ష్మణాచారి. వరాహ నది ఒడ్డున లక్కబొమ్మలు చేస్తాడు. నన్ను పురమాయించింది హైమవతి అనే ఆర్కిటెక్టు. మా ఊళ్లో కొత్త ఫైర్ స్టేషన్ కట్టాలని ఉత్తర్వు వచ్చింది. ముప్పై రెండేళ్ల హైమవతికి అది దక్కిన మొదటి సర్కారు పని. అట్టలతో భవనం నమూనా చేసి అధికారులకు చూపించాలి, అందులో నిలబెట్టడానికి యాభయ్యో వంతు సైజులో ఒక ఇంజను కావాలి. ఫొటో పంపి, ఇంచుమించుగా ఉంటే చాలంది. ఆచారికి ఇంచుమించు అనే మాటంటే ఒళ్లు మంట. టేపు పట్టుకుని బస్సెక్కి మా ఊరి పాత ఫైర్ స్టేషన్‌కే వచ్చేశాడు.

అక్కడ దగ్గరుండి కొలతలు పట్టించింది డ్రైవరు కర్రి నూకరాజు. ఆచారి పొడవూ వెడల్పూ రాసుకుని లేవబోతుంటే కూర్చోబెట్టి, పక్కలకు పొడుచుకొచ్చిన అద్దాలు కూడా కొలిపించాడు, ముందుగా తగిలేవి అవేనని. ముందు చక్రాలు ఎంతవరకు తిరుగుతాయో చూపించాడు. ఆచారి నా చక్రాలకు సరిగ్గా అంతే తిరిగేలా మేకు బిగించాడు. అదీ నా పుట్టుక. ఒక్క అబద్ధం కూడా లేని ఒళ్లు నాది.

నూకరాజుకు ఈ కొలతల పిచ్చి ఎందుకంటే చెబుతాను. పాత స్టేషన్ ఒక రేకుల షెడ్డు. గేటు ఇరుకు, గేటుకు ఎదురుగా మిల్లు గోడ. ఇంజను బయట పడాలంటే రెండుసార్లు వెనక్కీ ముందుకూ ఆడాలి. మూడేళ్ల కిందట జీడిపిక్కల షెడ్డు అంటుకున్నప్పుడు ఆ గేటు దగ్గరే రెండు నిమిషాలు పోయాయి. ఆ రెండు నిమిషాల్లో దేముడమ్మ అనే కూలీ చేతులు కాలిపోయాయి. పిక్కలు కొట్టే పని మానేసి ఆమె కొత్త స్టేషన్ కోసం కేటాయించిన ఖాళీ స్థలానికి ఎదురుగా టీ బడ్డీ పెట్టుకుంది. నూకరాజు ఆ దారిన వెళ్లాల్సి వస్తే రోడ్డు దాటి అవతలి పక్క నడిచేవాడు. ఆమె ఒక్కసారైనా తిట్టి ఉంటే బాగుండేదనుకునేవాడు. రిటైరవడానికి ఇంకా రెండున్నరేళ్లు ఉంది. ఈలోగా ఒక్కసారైనా, ఎక్కడా ఆగకుండా బండిని రోడ్డెక్కించాలి. ఆయనకున్న కోరిక అదొక్కటే.

నమూనా చూసే రోజు వచ్చింది. నన్ను అట్టల షెడ్డులో నిలబెట్టారు. భవనం చూడముచ్చటగా ఉంది, కాదనను. ముందు నాలుగు స్తంభాల పోర్టికో, పెద్దల కార్లు ఆగడానికి. మా ఇంజన్ల షెడ్డు దాని వెనక. పాపం, హైమవతి ఆ భవనాన్ని చుట్టాలు వచ్చే వైపు నుంచి గీసిందే గాని, మేం వెళ్లే వైపు నుంచి గీయలేదు. అధికారులు ముచ్చటపడిపోయారు. జెండా కర్ర ఎక్కడుండాలన్న దాని మీదే అరగంట వాదించుకున్నారు. మనుషులంతే, మంటల సంగతి తప్ప అన్నీ మాట్లాడతారు.

ఫైలులో సిబ్బంది అభిప్రాయం అని ఒక గడి ఉందట. దాన్ని నింపడానికి గుమ్మం దగ్గరున్న నూకరాజును పిలిచారు. ఆయన వచ్చి, నా వీపు మీద వేలు పెట్టి, మెల్లగా బయటికి తోశాడు. షెడ్డు దాటాను, మలుపు తిరిగాను, మూడో స్తంభానికి నా అద్దం టక్కున తగిలింది. వెనక్కి లాగాడు. మళ్లీ తోశాడు. మళ్లీ టక్కు.

"బొమ్మ కొలత తప్పై ఉంటుంది," అంది హైమవతి.

నన్నా అంటున్నారు! లక్క పూత కింద నా ఒళ్లు భగ్గుమంది. ఆమే స్కేలు తీసి కొలిచింది. ఇంకోసారి కొలిచింది. ఆమె మొహం పాలిపోయింది. పెద్దాఫీసరు మాత్రం చేతి గడియారం చూసుకుంటూ, బొమ్మ కోసం బిల్డింగు మారుస్తామా అని నవ్వేసి, సోమవారం సంతకం పెట్టేస్తానన్నాడు.

అప్పుడు నూకరాజు హైమవతి వైపు తిరిగాడు. "నిజం బండి నేను తెస్తాను మేడంగారూ. గోడలు మీరు తెండి."

తెచ్చింది! ఆ మాటకు ఇంకొకరైతే మండిపడేవారు. ఈ అమ్మాయి ఆదివారం పొద్దున్నే పది బస్తాల సున్నంతో స్థలంలో దిగింది. మేస్త్రీల చేత మొత్తం భవనాన్ని నేల మీద అసలు సైజులో ముగ్గు పోయించింది. ఇది షెడ్డు, ఇది వంటగది, ఇది సిబ్బంది పడుకునే గది, ఇవి స్తంభాలు. ప్లాను కాగితాలు ఎగిరిపోకుండా వాటి మీద నన్ను పెట్టింది. నాకింక కావలసిందేముంది, మొత్తం ముందు వరసలో కూర్చుని చూశాను.

మా పెద్దన్న, అంటే నిజం ఇంజను, నూకరాజు చేతిలో గుర్రుమంటూ వచ్చింది. ఈల ఊదారు. మొదటి మలుపులోనే మూడో స్తంభం చక్రం కింద నలిగి తెల్లటి మరకైపోయింది. సిబ్బంది గొల్లుమన్నారు. రెండోసారి వంటగది గోడ పోయింది. హైమవతి చెప్పులు విడిచి, తను మూడు నెలలు గీసిన పోర్టికోను తన కాళ్లతోనే చెరిపేసింది. ఆ క్షణం నుంచి ఆ అమ్మాయంటే నాకు ప్రాణం.

ఇక చూడాలి ఆ సందడి! సిబ్బంది సున్నం గదిలో పడుకుంటారు, ఈల మోగగానే లేచి పరుగు. ఒకాయన అడ్డదారిన గీత దాటేశాడు.

"గోడ దూకారు, మళ్లీ పడుకోండి," అని హైమవతి వెనక్కి పంపింది.

పడక గది షెడ్డు పక్కకు వచ్చేసింది. బూట్లు పెట్టే చోటు ఇంజను తలుపు దగ్గరికే వచ్చింది. వెనక సందు నుంచి లోపలికి, ముందు నుంచి రోడ్డు మీదికి. రివర్సు అనే మాటే లేదు. చెరపడం, పోయడం, మళ్లీ చెరపడం. ఆమె జుట్టంతా సున్నమే. మధ్యలో పెద్దాఫీసరు కోపంగా దిగాడు. ఆమె ఆయన్ను మాట్లాడనివ్వకుండా తీసుకెళ్లి నూకరాజు పక్క సీట్లో ఎక్కించింది. నూకరాజు ముందు పాత స్టేషన్ గేటులోంచి ఒకసారి, తరవాత ఈ ముగ్గులోంచి ఒకసారి తిప్పి తెచ్చాడు. దిగాక ఆఫీసరు పోర్టికో ఊసెత్తలేదు.

ఏడోసారి ఈల. పరుగు, బూట్లు, తలుపులు, ఇంజను. ఒక్క గీత తొక్కకుండా బండి రోడ్డెక్కింది. నలభై రెండు సెకన్లు. హైమవతి ఎగిరి గంతేసింది. ఎదురు బడ్డీలోంచి దేముడమ్మ టీ గ్లాసులతో వచ్చి, మొదటిది నూకరాజుకే అందించింది. ఆ చేతుల మచ్చలు ఆయన అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు.

"ఈపాలి బేగొస్తావా అన్నా?" అంది ఆమె. "మా పైడితల్లిప్పుడు ఆ పిక్కల షెడ్డుకే ఎల్తంది."

పైడితల్లి ఆమె కూతురు. నూకరాజు రెండు చేతులతో గ్లాసు పుచ్చుకున్నాడు.

ఏడాదిన్నరకు భవనం లేచింది, సున్నం గీత ఎక్కడుందో గోడ సరిగ్గా అక్కడే. దిద్దిన నమూనాను హాల్లో అద్దాల పెట్టెలో పెట్టి, అందులో నన్ను నిలబెట్టారు. పట్టుమని ఒక్క రోజు లేను. ప్రారంభోత్సవం ముగిసి పెద్దల కార్లు కదలగానే, నూకరాజు పెట్టె మూత తీసి నన్ను జేబులో వేసుకున్నాడు. స్టీరింగు ముందు నన్ను అంటించి, నీ చోటిది అన్నాడు.

పదకొండో రోజు పొద్దున పదిన్నరకు గంట మోగింది. పిక్కల షెడ్డు! నూకరాజు ఎప్పుడు ఎక్కాడో నేను చూడలేదు, తలుపులు ముందే తెరుచుకుని ఉన్నాయి, ఎదురుగా రోడ్డు. ఆగలేదు. ఎక్కడా ఆగలేదు. నా కర్ర ఒళ్లంతా జల్లుమంటోంది, వెళ్లు, వెళ్లు అని నాలో నేను అరుస్తున్నాను. మేం చేరేసరికి మంట ఇంకా పిక్కల పొట్టు గుట్ట దగ్గరే ఉంది, గుమ్మం దాకా రాలేదు. నీళ్లు పడ్డాయి. పొగలోంచి ఆడవాళ్లు దగ్గుతూ వరసగా బయటికొచ్చారు. అయిదో మనిషి పైడితల్లి, తన కాళ్ల మీద తనే నడిచి వచ్చింది.

పరుగెత్తుకొచ్చిన దేముడమ్మ కూతురి రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకుంది. తరవాత ఇంజను దగ్గరికి వచ్చి తల పైకెత్తింది.

"బేగొచ్చినావన్నా," అంది.

నూకరాజు స్టీరింగు మీద తల వాల్చి ఏడ్చేశాడు. ఆయన కన్నీళ్లు రెండు నా నిచ్చెన మీద పడ్డాయి. నేను చల్లలేని నీళ్లు, నా మీద పడ్డాయి.

ఇప్పుడు ఆయన రిటైరయ్యాడు. నేనింకా స్టీరింగు ముందే ఉన్నాను, రంగు కాస్త పెచ్చులూడింది. హాల్లో అద్దాల పెట్టెలో షెడ్డు ఖాళీగానే ఉంటుంది. చూడ్డానికి వచ్చినవాళ్లు ఇందులో ఇంజనేదని అడుగుతుంటారు. గేటు దగ్గరుండే ఆయన తల కూడా తిప్పకుండా జవాబు చెబుతాడు.

"పని మీదెల్లింది."